పెట్టె దేనికోసం ఆగుతోంది? రాస్ప్‌బెర్రీ పై త్వరగా లేవడానికి

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరే అయినా మా వీధి పిల్లలు బడిలో చదివేది ఒడియా. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, రాయడం మాత్రం రాదు. అందుకే సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా మా వరండాలో పదమూడుమందికి అక్షరాలు నేర్పుతున్నాను. పాత టీవీకి రాస్ప్‌బెర్రీ పై 3బి అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ తగిలించి, అక్షరం చూపిస్తూ దాని పలుకు వినిపిస్తాను.

వేసవిలో మహేంద్రగిరి కొండ వైపు నుంచి ఈదురుగాలి లేచిందంటే కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. వచ్చిన ప్రతిసారీ పై మొదటినుంచి లేవాలి, అంటే బూట్ అవాలి. "మాస్టారూ, ఇంకా లెగలేదేటి?" అని అడుగుతుంటారు. 71 సెకన్లు పట్టేది. ఆ లోపు ఒకడు మంచినీళ్లకి లేస్తాడు, వాడి వెనక నలుగురు పోతారు, వాళ్లని మళ్లీ కూర్చోబెట్టేసరికి పది నిమిషాలు. ఇప్పుడు 24 సెకన్లకి వచ్చింది. కొత్త బోర్డు కొనలేదు. ఎలా తగ్గించానో వరసగా చెబుతాను. ఆదేశాలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కానీ మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు కొలవండి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, స్విచ్ వేసిన క్షణం నుంచి మీకు కావలసింది తెర మీదికి వచ్చేదాకా మూడుసార్లు చూసి కాగితం మీద రాసుకోండి. తర్వాత టెర్మినల్లో, అంటే ఆదేశాలు కొట్టే కిటికీలో, "సిస్టమ్‌డి-అనలైజ్" కొట్టండి. నాకు కెర్నెల్‌కి (వ్యవస్థ గుండెకాయకి) 6, యూజర్‌స్పేస్‌కి (దాని మీద నడిచే ప్రోగ్రాములకి) 38, మొత్తం 44 సెకన్లని చూపించింది. స్టాప్‌వాచ్ చెప్పిన 71కీ దీనికీ 27 తేడా. కెర్నెల్‌కి ముందు బోర్డులోని ఫర్మ్‌వేర్ (బోర్డుని మేల్కొలిపే ప్రోగ్రాము) తీసుకునే సమయం ఈ లెక్కలోకి రాదు. చివర్లో పాఠం చూపించే బ్రౌజర్ క్రోమియం తెరుచుకునే సమయమూ రాదు. అందుకే రెండు కొలతలూ కావాలి.

ఇదే ఆదేశానికి "బ్లేమ్" చేర్చితే ఏ సర్వీసు (వెనకాల నడిచే ప్రోగ్రాము) ఎంతసేపు తీసుకుందో జాబితా వస్తుంది. చాలామంది ఇది చూసి పైనుంచి ఒక్కొక్కటీ ఆపేస్తారు. తొందరపడకండి. సర్వీసులు చాలావరకు ఒకేసారి పక్కపక్కన నడుస్తాయి. ఎనిమిది సెకన్లు తీసుకున్నదాన్ని ఆపినా మొత్తంలో అర సెకను కూడా తగ్గకపోవచ్చు. "క్రిటికల్-చైన్" చేర్చి చూడండి. ఏది ఏదానికోసం ఆగిందో గొలుసులా కనబడుతుంది. 'ఎట్' గుర్తు పక్కన ఉన్నది అది మొదలైన సమయం, కూడిక గుర్తు పక్కన ఉన్నది అది తీసుకున్న సమయం.

సాఫ్ట్‌వేర్ ముట్టుకునేముందు ఛార్జర్ సంగతి చూడండి. "విసిజెన్‌సిఎండి గెట్_థ్రాటిల్డ్" కొడితే 0ఎక్స్0 రావాలి. నాకు 0ఎక్స్50005 వచ్చింది. వోల్టేజీ చాలడం లేదని, అందుకే బోర్డు ప్రాసెసర్ వేగం తగ్గించేసిందని దాని అర్థం. టీవీ మూలన చిన్న మెరుపు గుర్తు కూడా వస్తూ పోతూ ఉండేది, నేనే పట్టించుకోలేదు. ఇంట్లో పడున్న ఫోన్ ఛార్జర్, సన్నటి వైరు వాడటం వల్ల వచ్చిన ఇబ్బంది అది. 3బికి 5 వోల్టులు, 2.5 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. సరైనది పెట్టగానే 71 కాస్తా 63 అయింది, ఒక్క అక్షరం కొట్టకుండానే.

ఇక అసలు దోషం. క్రిటికల్-చైన్‌లో నా పాఠాలు తెరిచే సర్వీసుకి కింద "నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్" అని ఉంది, దాని పక్కన 18 సెకన్లు. పాఠాలన్నీ పై మెమరీ కార్డులోనే ఉన్నాయి, ఇంటర్నెట్‌తో పనేముంది? సర్వీసు ఫైలు తెరిచి చూస్తే "ఆఫ్టర్=నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్" అన్న వాక్యం కనబడింది. ఎక్కడో చూసి నేనే ఎక్కించుకున్నాను. కరెంటు వచ్చినప్పుడు పైతోపాటు వైఫై రౌటరూ అప్పుడే లేస్తుంది, దానికి పై కన్నా ఎక్కువ సమయం కావాలి. అది లేచేదాకా నా పాఠం గుమ్మంలో నిలబడి ఉంటోందన్నమాట. ఆ వాక్యాన్నీ, దాని జంట "వాంట్స్" వాక్యాన్నీ తీసేసి, "సుడో సిస్టమ్‌సీటీఎల్ డిజేబుల్ నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్.సర్వీస్" కొట్టాను. 45కి దిగింది. వైఫై ఆగిపోదు, వెనకాల తన తీరికలో కలుస్తుంది. మీ పెట్టె లేవగానే సర్వర్ నుంచి సమాచారం తెచ్చుకోవలసిందైతే మాత్రం దీన్ని ముట్టుకోకండి.

తర్వాత పెద్ద కోత డెస్క్‌టాప్. ఒక్క పేజీ చూపించడానికి డెస్క్‌టాప్ అంతా పరుచుకుని, దాని మీద క్రోమియం తెరుచుకునేది. "సుడో రాస్పి-కాన్ఫిగ్"లో సిస్టమ్ ఆప్షన్లకి వెళ్లి కన్సోల్ ఆటోలాగిన్ ఎంచుకున్నాను, అంటే డెస్క్‌టాప్ లేకుండా అక్షరాల తెర ఒక్కటే. అయితే వట్టి కన్సోల్‌లో తెలుగు రాదు, వత్తులూ గుణింతాలూ కలవవు. అందుకని ఇంట్లో కంప్యూటర్ మీద ఒక్కో అక్షరానికి బొమ్మ, పలుకు కలిపి చిన్న వీడియో చేసి పెట్టుకున్నాను. వాటిని ఎంపీవీ అనే వీడియో ప్లేయర్ నేరుగా తెర మీదికి పంపుతుంది. "ఎంపీవీ --వీవో=డీఆర్ఎమ్ --కీప్-ఓపెన్=ఆల్వేస్ --రీసెట్-ఆన్-నెక్స్ట్-ఫైల్=పాజ్", దాని వెనక వీడియోల ఫోల్డరు పేరు, అంతే. పలుకు అయ్యాక అక్షరం అలాగే నిలిచి ఉంటుంది, ఎంటర్ నొక్కితే తర్వాతిది వస్తుంది. ఈ వాక్యాన్ని లాగిన్ అయ్యే యూజర్ ".బాష్_ప్రొఫైల్" ఫైలు (లాగిన్ కాగానే నడిచేది) చివర పెట్టి, పాత సర్వీసు ఆపేశాను. దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయినప్పుడు అదే నడవకుండా, తెర టీటీవై1, అంటే పెట్టె సొంత తెర, అయితేనే అని షరతు పెట్టడం మరిచిపోకండి. దీంతో 27కి దిగింది.

అక్కర్లేని సర్వీసులు: ప్రింటర్ లేదు కాబట్టి కప్స్, నెట్ డాంగిల్ లేదు కాబట్టి మోడెమ్‌మేనేజర్, ఆపైన బ్లూటూత్. ఒక్కొక్కటే డిజేబుల్ చేసి, రీబూట్ చేసి, నోట్‌బుక్కులో రాసుకోండి. మూడూ కలిపి నాకు తగ్గింది 3 సెకన్లు. పేరు తెలియనిదాన్ని, ముఖ్యంగా యూడెవ్, డీబస్, జర్నల్ లాంటివాటిని ఆపకండి.

ఒక సాయంత్రం పెట్టె అసలు లేవనే లేదు. ఒకటిన్నర నిమిషం "ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్" అని లెక్కపెట్టి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయింది. పాటలూ బొమ్మలూ ఉన్న పెన్‌డ్రైవ్‌ని ఎఫ్‌ఎస్‌టాబ్ ఫైల్లో (లేచేటప్పుడు ఏ డ్రైవ్‌లు తగిలించుకోవాలో చెప్పే జాబితా) రాసి ఉంచాను. ఆ డ్రైవ్‌ని ఓ ఆడపిల్ల బొమ్మలు చూడ్డానికి ఇంటికి పట్టుకెళ్లింది. పెట్టెకి ఆ సంగతి తెలియదు కదా, 90 సెకన్లు ఎదురుచూసి చేతులెత్తేసింది. మర్నాడు డ్రైవ్ తెచ్చి గుచ్చితే లేచింది. తీసే, పెట్టే డ్రైవ్ ఏదైనా సరే, ఎఫ్‌ఎస్‌టాబ్‌లో దాని వరసలో డిఫాల్ట్స్ పక్కన కామా పెట్టి "నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డి.డివైస్-టైమౌట్=5ఎస్" చేర్చండి. డ్రైవ్ లేకపోయినా బూట్ ఆగదు.

చిన్న చిన్నవి త్వరగా చెప్పేస్తాను. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో బుక్‌వార్మ్ అనే వెర్షన్ నుంచి బూట్ ఫైళ్లు "/బూట్/ఫర్మ్‌వేర్"లో ఉంటాయి, అంతకుముందు "/బూట్"లో. మార్చేముందు కాపీ తీసిపెట్టుకోండి. కాన్ఫిగ్ ఫైల్లో "డిజేబుల్_స్ప్లాష్=1" పెడితే మొదట్లో కనబడే రంగుల చదరం పోతుంది. సీఎండీలైన్ ఫైల్లో "క్వయట్" చేర్చండి, సీరియల్ కన్సోల్ మాట ఉంటే తీసేయండి. ఆ ఫైలంతా ఒకే వరసలో ఉండాలి, పొరపాటున ఎంటర్ నొక్కితే లేవదు. ఇవన్నీ కలిపి నాకు 2 సెకన్లు తగ్గి 22 అయింది. మెమరీ కార్డు కొనేటప్పుడు దాని మీద ఏ1 గుర్తు చూడండి. క్లాస్ 10 అన్నది పెద్ద ఫైలు వరసగా రాసే వేగం, బూట్‌కి కావలసింది చిన్న చిన్న ముక్కలు చదివే వేగం. పై 4, 5 వాళ్లు యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ నుంచి బూట్ చేస్తుంటే, ఈప్రామ్‌లో (బోర్డు మీది చిన్న మెమరీ చిప్) బూట్_ఆర్డర్ 0ఎక్స్‌ఎఫ్14 పెడితే ముందు కార్డు వెతుక్కోవడం మానేస్తుంది. కుడి నుంచి ఎడమకి చదవాలి దాన్ని: 4 అంటే యూఎస్‌బీ, 1 అంటే కార్డు.

అన్నీ అయ్యాక చివరగా రాస్పి-కాన్ఫిగ్ పెర్ఫార్మెన్స్ ఆప్షన్లలో ఓవర్లే ఫైల్ సిస్టమ్ వేశాను. దీనివల్ల 22 మళ్లీ 24 అయింది. తెలిసే ఒప్పుకున్నాను. కార్డు మీద ఏమీ రాయదు కాబట్టి కరెంటు ఎప్పుడు పోయినా ఫైళ్లు చెడవు. కొత్త అక్షరం వీడియో ఎక్కించాలంటే ఓవర్లే తీసి, రీబూట్ చేసి, ఎక్కించి, మళ్లీ వేయాలి. ఆ పని ఆదివారం మధ్యాహ్నం పెట్టుకుంటాను. ఈ వారం 'ళ' ఎక్కించాలి.