పాత అల్యూమినియం డ్రిఫ్ట్ బోట్‌కి మళ్లీ రంగు వేయడం ఎలా?

అమెరికాలోని ఒరెగాన్‌లో మెకెంజీ, రోగ్ నదుల మీద తెడ్లతో నడిపే డ్రిఫ్ట్ బోట్ అడుగు చదునుగా ఉంటుంది, రెండు కొసలూ పైకి లేచి ఉంటాయి. రాళ్లను రాసుకుంటూ పోయే పడవ అది. ఏడాది తిరక్కుండానే రంగు పెచ్చులూడిన పడవలు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చాలాసార్లు తప్పు రంగుది కాదు, దాని కింద చేయాల్సిన పని చేయకపోవడమే.

పని జూలై, ఆగస్టుల్లో పెట్టుకోండి, అక్కడ వానలు తక్కువ. లోపల నాలుగు బకెట్ల నీళ్లు పోసి ఎక్కడైనా కారుతోందేమో చూడండి. కారితే ముందు వెల్డింగ్, తర్వాతే రంగు. సీట్లు, తెడ్లు, లంగరు తీసేసి పడవను బోర్లించండి. ఊడుతున్న రంగు గీకేయండి. పాత రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి తడిపి గీకండి, మాస్క్ పెట్టుకోండి.

ఇక అసలు పని. రుద్దిన అల్యూమినియానికి గాలి తగిలిన క్షణం నుంచే కంటికి కనపడని ఆక్సైడ్ పొర కడుతుంది. అది ముదిరినా, చేతి జిడ్డు అంటినా రంగు సరిగా పట్టదు. అందుకే ముందు జిడ్డు వదిలించే ద్రావణంతో కడిగి, ఆ తర్వాతే 120 నంబరు ఉప్పు కాగితంతో రుద్దాలి. కడక్కుండా రుద్దితే జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. ఇనుప బ్రష్, స్టీల్ ఊల్ దగ్గరికి కూడా రానివ్వకండి. ఇనుప రజను ఇరుక్కున్న చోటే తర్వాత గుంటలు పడతాయి. నీళ్లు చల్లి చూడండి. పల్చగా పరుచుకుంటే శుభ్రమైనట్టు, బొట్లుగా నిలిస్తే మళ్లీ కడగాలి. బాగా ఆరాక ఉత్త చేత్తో తాకొద్దు. రెండు మూడు గంటల్లోపు రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్, అంటే రంగు కింద వేసే తొలి పూత, పడిపోవాలి. "రేపు పొద్దున వేద్దాంలే" అనుకుంటే మళ్లీ రుద్దాల్సిందే. అందుకే నేను ఒకసారికి ఒక పక్కే రుద్దుతాను.

స్ప్రే డబ్బాలో వచ్చే, లోహాన్ని తనే కాస్త కొరికి పట్టుకునే సెల్ఫ్ ఎచ్ ప్రైమర్ చాలని కొందరంటారు. చిన్న మచ్చలకైతే సరే, రాళ్లు తగిలే అడుగుకి నేను ఒప్పుకోను. నాచు పట్టకుండా వేసే, రాగి కలిసిన యాంటీ ఫౌలింగ్ రంగు మాత్రం ఎవరు చెప్పినా వద్దు. నీళ్లలో రాగి పక్కన ఉంటే అల్యూమినియం తినేసినట్టు పోతుంది. అయినా రోజూ ట్రైలర్ మీద ఇంటికొచ్చే పడవకి నాచు బెడద ఎక్కడిది?

ప్రైమర్ పైన పాలీయురెథేన్ రంగు రెండు పల్చటి పూతలు, డబ్బా మీద చెప్పిన వ్యవధిలో, రోలర్‌తోనే వేయండి. ఆ రంగు స్ప్రే చేస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. లోపల బూడిద రంగు మ్యాటే వేయాలి, మెరిసే రంగైతే ఎండ కళ్లలోకి కొడుతుంది. నిలబడే చోట వేసే రంగులో జారకుండా ఉండే పొడి కలపండి. వారం ఆరేదాకా పడవను ట్రైలర్ మీదికి ఎక్కించొద్దు.