విడిపోయిన బ్యాండు మళ్ళీ కలిసిందా, తిరుపతి నుంచి పోయి చూసొచ్చేది ఎట్లంటే

మన తిరుపతికి దేశమంతా వస్తాది గానీ పెద్ద పెద్ద రాక్ బ్యాండ్లు మాత్రం రావు, వాళ్ళ కోసం మనమే బెంగుళూరుకో చెన్నైకో ఇంకా పెద్ద షో అయితే ముంబైకో పోవాల. అందులోనూ కొట్లాడుకుని విడిపోయి, ఏళ్ళ తరబడి ఒకరి మొహం ఒకరు చూడకుండా ఉండి, మళ్ళీ కలిసిన బ్యాండు అంటే అది మామూలు షో కాదు, పోయే పద్ధతి కూడా కొంచెం వేరే. యూనివర్సిటీ హాస్టళ్ళలో ఉండే తమ్ముళ్ళు, చిత్తూరు ఫ్రెండ్సు "అన్నా ఎట్ల పోవాల, ఎంతవుతాది, యాడ దిగాల" అని అడుగుతానే ఉంటారు, అందుకే అన్నీ ఒకచోట రాసేస్తున్నా.

పోస్టర్ చూడగానే టికెట్ కొనేయొద్దు. ఆ పేరు వెనకాల ఎవరెవరు ఉండారో ముందు చూడండి. గన్స్ ఎన్ రోజెస్ 2012 డిసెంబర్లో బెంగుళూరు వచ్చింది, పాడింది యాక్సెల్ రోజే, కానీ పక్కన గిటార్ వాయించే స్లాష్ లేడు, బేస్ వాయించే డఫ్ మెకేగన్ లేడు. అదే సంవత్సరం ఎవరో పాత లైనప్ మళ్ళీ కలుస్తాదా అని అడిగితే యాక్సెల్ ఈ జన్మలో జరగదు అనేసినాడు, 2016లో ముగ్గురూ కలిసి టూర్ మొదలుపెట్టి ఆ మాటనే టూర్‌కి పేరు పెట్టుకున్నారు, అదీ వాళ్ళ టైపు. ఆ ముగ్గురూ కలిసి ముంబైలో ఆడింది 2025 మే 17న, మహాలక్ష్మి రేస్‌కోర్సులో. అప్పుడు కూడా పాత అయిదుగురూ రాలేదు, ఇజ్జీ స్ట్రాడ్లిన్ లేడు, స్టీవెన్ ఆడ్లర్ లేడు, డ్రమ్స్ మీద కూర్చున్న ఐజాక్ కార్పెంటర్ అదే నెలలో బ్యాండుతో మొదటి షో ఆడినవాడు. పేరు ఒకటే, 2012లో చూసినోళ్ళూ 2025లో చూసినోళ్ళూ మాత్రం చూసింది వేరు వేరు బ్యాండ్లు.

లింకిన్ పార్క్ సంగతి ఇంకో రకం. దాంట్లో పాడే చెస్టర్ బెన్నింగ్టన్ 2017 జూలైలో చనిపోయినాడు, ఏడేళ్ళు బ్యాండు మూసుకుపోయినట్టే ఉండి 2024 సెప్టెంబర్లో ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతుతో, కోలిన్ బ్రిటన్ డ్రమ్స్‌తో తిరిగొచ్చింది. గిటారిస్ట్ బ్రాడ్ డెల్సన్ బ్యాండులోనే ఉండాడు గానీ టూర్లకి రాడు, స్టేజి మీద వాయించేది అలెక్స్ ఫెడర్. ఇది తెలీకుండా పోయి "చెస్టర్ లాగా లేదు" అని గొణుక్కుంటా నిలబడితే మీ డబ్బులు దండగ, పక్కోడి మూడ్ కూడా పాడు. ఆమె పాడిన లైవ్ వీడియోలు రెండు మూడు పూర్తిగా చూడండి, నచ్చితే పోండి, నచ్చకపోతే ఇంట్లో పాత ఆల్బమ్ పెట్టుకోండి, అందులో తప్పేం లేదు. నా లెక్క ఏందంటే పాట కట్టినోళ్ళు, పాడే గొంతు, ఆ గిటార్ సౌండు, ఈ మూడింట్లో రెండైనా పాతవి ఉంటే పోవచ్చు, ఒకటే ఉంటే టికెట్ రేటు చూసి ఆలోచించాల, ఒక్కటీ లేకపోతే అది పేరు అద్దెకి తీసుకున్న బ్యాండు.

లైనప్ ఓకే అనుకున్నాక మాత్రం నాన్చొద్దు. "ఈసారి కాకపోతే వచ్చేసారి" అనేది మామూలు బ్యాండుకి చెల్లుతాది, కలిసిన బ్యాండుకి చెల్లదు. లెడ్ జెపెలిన్ 2007 డిసెంబర్ 10న లండన్ ఓటూ అరీనాలో ఒక్క షో ఆడింది, చనిపోయిన డ్రమ్మర్ జాన్ బోనమ్ జాగాలో కొడుకు జేసన్ కూర్చున్నాడు, ఇంక టూర్ వస్తాదిలే అని లోకమంతా కాచుక్కూర్చుంది, రాలేదు. బ్లాక్ సబాత్ మొదటి నలుగురూ కలిసి 2025 జూలై 5న వాళ్ళ సొంతూరు బర్మింగ్‌హామ్‌లో ఆడినారు, ఆజీ ఆస్బోర్న్ నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడినాడు, జూలై 22న పోయినాడు. మధ్యలో పదిహేడు రోజులే. ఒయాసిస్ అన్నదమ్ములది ఇంకో కథ, 2009 ఆగస్టులో పారిస్‌లో షోకి ముందే కొట్లాడుకుని విడిపోయినోళ్ళు 2025 జూలై 4న కార్డిఫ్‌లో మళ్ళీ స్టేజి ఎక్కేదాకా దగ్గర దగ్గర పదహారేళ్ళు పట్టింది, అప్పటికి కాలేజీ పిల్లోళ్ళు పిల్లల తల్లిదండ్రులు అయిపోయినారు.

ఇంక టికెట్లు. మన ఊరోళ్ళకి ఇది కొత్త కాదు, మూడొందల దర్శనం టికెట్ ఆన్‌లైన్‌లో వదిలే రోజు పదింటికల్లా ఫోన్ పట్టుకుని వెయిటింగ్ రూమ్‌లో కూర్చుంటాం కదా, అచ్చం అదే ఆట. ముందు రోజే యాప్‌లో లాగిన్ అయి, పేరు, నంబర్, కార్డు అన్నీ సేవ్ చేసి పెట్టుకోండి. లైన్ నంబర్ వచ్చినాక రిఫ్రెష్ కొట్టొద్దు, కొడితే వెనక్కి పోయే ప్రమాదం ఉండాది. ఒకే అకౌంట్ మూడు ఫోన్లలో తెరవడం కంటే ముగ్గురు ఫ్రెండ్సు మూడు అకౌంట్లతో ట్రై చేసి ఎవరికి ముందు వస్తే వాళ్ళు అందరికీ కొనేది మేలు, ఒకరికి ఎన్ని టికెట్లు ఇస్తారో లిమిట్ ముందే చూసుకోండి, డబ్బులు కూడా ముందే ఆ ముగ్గురి ఖాతాల్లో ఉండాల, లేకపోతే లోపలికి పోయినాక "మామా జీపే కొట్టు" అనే లోపల టైమర్ అయిపోతాది. బ్యాండు మెయిలింగ్ లిస్టులో పేరు ఇచ్చినోళ్ళకో, ఫలానా బ్యాంకు కార్డు ఉన్నోళ్ళకో ప్రీసేల్ అని ముందే తెరుస్తారు, మామూలు సేల్ కంటే అందులో ఛాన్సు ఎక్కువ. కనిపించే రేటు చూసి బడ్జెట్ వేయొద్దు, చివర్లో ఫీజులు జీఎస్టీ వచ్చి కూర్చుంటాయి. డిమాండ్ ఉంటే రేటు కళ్ళ ముందే పెరిగే పద్ధతి కూడా ఉండాది, ఒయాసిస్ టికెట్లు 2024 ఆగస్టు 31న ఇంగ్లండ్‌లో అమ్మినప్పుడు 150 పౌండ్ల దగ్గర అనుకున్న నిలబడే టికెట్ గంటల తరబడి లైన్లో ఉన్నోళ్ళకి 350 దాటి చూపించింది, పెద్ద గొడవే అయింది. అందుకే ఇంతకు మించి పెట్టను అని ఒక నంబర్ ముందే మనసులో ఫిక్స్ చేసుకోండి, ఆ హడావుడిలో మనిషికి బుద్ధి పనిచేయదు.

దొరకలేదా, బాధపడొద్దు, బ్లాక్‌లో మాత్రం కొనొద్దు. టెలిగ్రామ్‌లో క్యూఆర్ కోడ్ ఫొటో పంపించి డబ్బులు అడిగేవాడు అదే ఫొటో ఇంకో పదిమందికి అమ్మడని ఏం గ్యారంటీ, గేటు దగ్గర మొదట స్కాన్ అయినోడే లోపలికి పోతాడు. షోకి వారం రెండు వారాల ముందు స్టేజి ప్లాన్ ఖరారు అయినాక మిగిలిన సీట్లు ఒక్కోసారి అఫీషియల్‌గానే మళ్ళీ వదుల్తారు, ఆ యాప్ నోటిఫికేషన్లు ఆన్ చేసి పెట్టుకోండి.

ఈ గ్యాప్‌లో కొంచెం హోంవర్కు. సెట్‌లిస్ట్ ఎఫ్ఎమ్ అని ఒక సైట్ ఉండాది, ఏ ఊర్లో ఏ రోజు ఏ పాటలు ఆడినారో వరసగా ఉంటాయి, టూర్లో చివరి నాలుగైదు షోలు చూస్తే మీకు ఏం వస్తాదో తొంభై శాతం తెలిసిపోతాది. కొందరు సర్‌ప్రైజ్ పోతాది అని చూడరు, వాళ్ళ ఇష్టం, నేనైతే చూడమనే చెప్తా, ఎందుకంటే గంటలు గంటలు ప్రయాణం చేసి పోయి తెలీని పాట దగ్గర ఫోన్ తీసేకంటే ఆ పాట వారం ముందే విని పెట్టుకోవడం మంచిది. ఇంకో సంగతి, వయసు పెరిగే కొద్దీ గొంతు కిందికి దిగుతాది, అందుకని చానా బ్యాండ్లు రికార్డులో ఉన్నదానికంటే అర స్వరం, ఒక్కోసారి ఒక స్వరం తగ్గించి వాయిస్తారు. మొదటి పాటకే "ఏందిది తేడాగా ఉంది" అనిపిస్తే కారణం అదే, రెండో పాటకి చెవి అలవాటు పడిపోతాది. పైన అందుకోలేని చోట జనానికి మైకు తిప్పేది కూడా ఊరికే ప్రేమతో కాదు లెండి.

దారి సంగతి. చెన్నై అన్నిటికంటే దగ్గర, నందనం వైఎంసీఏ గ్రౌండులో షో అయితే పొద్దున బయల్దేరే రైల్లో పోయి సెంట్రల్‌లో దిగి, మెట్రో బ్లూ లైన్ ఎక్కితే నేరుగా నందనం. బస్సులో పోతే మాధవరంలో దించుతాడు, ఆడనుంచి సిటీ దాటాల, ఆ టైం లెక్క వేసుకోండి. బెంగుళూరు మన దగ్గర్నుంచి 250 కిలోమీటర్లు ఉంటాది, చిత్తూరోళ్ళకి ఇంకో డెబ్బై తక్కువ, పలమనేరు ముళబాగిలు కోలారు హోస్కోటె మీదుగా ట్రాఫిక్ బాగుంటే అయిదారు గంటలు, హోస్కోటె దాటినాక మాత్రం దేవుడే దిక్కు. మెజెస్టిక్ దాకా బస్సులోనే కూర్చోకండి. కేఆర్ పురంలో దిగేయండి, పక్కనే పర్పుల్ లైన్ మెట్రో, దాంట్లో మెజెస్టిక్ పోయి గ్రీన్ లైన్ మారితే 2024 నవంబర్ నుంచి మాదావర దాకా పోతాంది, తుమకూరు రోడ్డు సైడు ఎగ్జిబిషన్ సెంటర్, నైస్ రోడ్డు గ్రౌండు దగ్గర పెట్టే షోలకి అదే స్టేషన్. దేవనహళ్ళి సైడు షో అయితే మెట్రో లెక్క పనిచేయదు, పోయేటప్పుడే వచ్చే క్యాబ్ కూడా మాట్లాడుకోవాల. ముంబై అయితే రేణిగుంటలో బండి ఎక్కితే దగ్గర దగ్గర ఒక పగలు ఒక రాత్రి, దాదర్‌లో ఆగే బండి చూసుకుని ఆడే దిగి వెస్టర్న్ లైన్ లోకల్ ఎక్కి మహాలక్ష్మి స్టేషన్‌లో దిగితే రేస్‌కోర్సు దగ్గరే.

మన దేశంలో రాత్రి పదికల్లా బయట స్పీకర్లు ఆపాల, 2000 నుంచి ఆ రూల్ ఉండాది, పర్మిషన్ ఉంటే తప్ప. కాబట్టి షో టైంకి మొదలవుతాది, తొందరగా అయిపోతాది, "రాక్ షో కదా పదకొండుకి పోదాం" అనుకుంటే గేటు దగ్గర బయటికొచ్చే జనమే ఎదురొస్తారు. మధ్యాహ్నం నాలుగుకల్లా ఆడ ఉండండి. పులిహోర పొట్లం బస్సులోనే లాగించేయండి, లోపలికి బయట తిండి, నీళ్ళ బాటిల్, చానాచోట్ల పవర్ బ్యాంక్ కూడా రానీయరు, వద్దన్న వస్తువుల లిస్టు టికెట్ మెయిల్లోనే ఉంటాది, చదవండి.

ఎక్కడ నిలబడాల అని అందరూ అడుగుతారు. మొహాలు చూడాలంటే ముందర, సౌండు వినాలంటే మధ్యలో మిక్సింగ్ కన్సోల్ టెంటు ఉంటాది, దాని ముందర. సౌండ్ ఇంజనీర్ తన చెవికి బాగున్నట్టు సెట్ చేస్తాడు, ఆయన చెవి ఉన్నది ఆడనే. బ్యాండు రాకముందు ఒక ఇరవై నిమిషాలు స్టేజి మీద నల్ల టీషర్టుల టెక్నీషియన్లు తిరుగుతుంటారు, ఫోన్ చూస్తా ఆ టైం పోగొట్టుకోవద్దు. ఒకాయన గిటార్ ఒక్కొక్కటే తీసి ఒక తీగ మీటి, తల పక్కకి వంచి విని, తీగ బిగించే బిరడ అర చుట్టు తిప్పి స్టాండ్‌కి పెడతాడు, ఇంకొకాయన మైక్ స్టాండు కింద పాటల లిస్టు కాగితం పెట్టి నాలుగు మూలలా టేపు అంటిస్తాడు. జూమ్ చేసి ఫొటో తీసి గొడవలు పడేవాళ్ళను చూసినా, ఏ పాట ముందు వస్తాదో అని.

చెవుల సంగతి నవ్వులాట కాదు. 85 డెసిబెల్స్ సౌండు ఎనిమిది గంటలు తట్టుకోవచ్చు, మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైం సగం అవుతాది, అంటే 100 దగ్గర పదిహేను నిమిషాలే. రాక్ షోలో స్పీకర్ల దగ్గర ఇంకా ఎక్కువే ఉంటాది. ఫోమ్ ప్లగ్గులు మెడికల్ షాపుల్లో చవగ్గా దొరుకుతాయి, వేళ్ళ మధ్య పెట్టి సన్నగా నలిపి, ఎదురు చేత్తో తల మీదుగా చెవి పైభాగాన్ని పైకి లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో అట్లే పట్టుకోవాల, ఊరికే బయట కుక్కితే లాభం లేదు. ఫోమ్‌తో సౌండు కొంచెం మూసినట్టు ఉంటాది, రెగ్యులర్‌గా షోలకి పోయేవాళ్ళు సంగీతం వాళ్ళకని అమ్మే సిలికాన్ ప్లగ్గులు కొనుక్కుంటే పాట స్పష్టంగానే వినపడతాది, సౌండు మాత్రం తగ్గుతాది.

తిరిగి వచ్చేది ముందే ఆలోచించండి, మనోళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు. శనివారం బెంగుళూరు పోయేటప్పుడు సీట్లు హాయిగా దొరుకుతాయి కదా అని రాత్రి బస్సు ఆడే చూసుకుందాం అనుకుంటారు, కానీ శుక్రవారం, శనివారం రాత్రి బెంగుళూరు నుంచి తిరుపతికి వచ్చే బస్సులన్నీ కొండకి వచ్చే భక్తులతో నిండిపోయి ఉంటాయి. కాబట్టి రిటర్న్ టికెట్ షో టికెట్ కొన్న రోజే బుక్ చేయండి, లేదంటే ఫ్రెండ్ రూమ్‌లో పడుకుని ఆదివారం మధ్యాహ్నం బయల్దేరండి, అప్పటికి జనమంతా ఇటునుంచి అటు పోతుంటారు, మీ బస్సు సగం ఖాళీగా ఉంటాది, చిత్తూరులో దిగేవాళ్ళు కూడా చీకటి పడేలోపు ఇంట్లో ఉంటారు.