తామరాకా, కలువాకా?

చిన్నప్పుడు తామరాకులు తెమ్మంటే మోకాల్లోతు చెరువులో దిగి కలువాకులు కోసుకొచ్చాను. నాయనమ్మ ఒకటి ఎత్తి చూపించి, "ఇందులో అన్నం పెడితే పప్పుచారు నీ ఒళ్లోకే కదరా!" అంది.

అంచు నుంచి కాడ దాకా చీలిక ఉంటే అది కలువ. తామరాకు నిండు గుండ్రం. కాడ అడుగున నడిమధ్య, గొడుగు కర్రలా అతుక్కుంటుంది. నాలుగు నీటిచుక్కలు చిలకరించండి, ముత్యాల్లా దొర్లిపోతాయి, ఆకు తడవదు. కాడ చేతికి గరుగ్గా, చిన్న చిన్న ముళ్లతో తగులుతుంది. విరిస్తే సాలీడు దారాల్లాంటి పోగులు సాగుతాయి.

ఎత్తు మాత్రం నమ్మకండి. ముదురు తామరాకులు నీటిపైకి లేచి నిలబడతాయి గానీ, లేతవి కలువాకుల్లాగే తేలతాయి. నేను మోసపోయింది అక్కడే.

పువ్వుంటే పనే లేదు: తామర మధ్యలో షవర్ మూతిలాంటి దుద్దు ఉంటుంది.