పాత కిటికీ రెక్క మీద అంటించిన అక్షరాలు లేచిపోతున్నాయా?

పెంకుటింటి నుంచి విప్పిన టేకు కిటికీ రెక్క, అద్దం మీద రేడియం స్టిక్కర్‌తో ఇంటిపేరు, పెళ్లి తేదీ, లోపల ఫొటోలు. గోడకెక్కిన నెలలోపే తంటాలు మొదలవుతాయి.

అక్షరాలు అంచుల నుంచి లేస్తున్నాయి

ఎవరిని అడిగినా "తుడిచాకే అంటించాం" అంటారు. తుడవడం వేరు, జిడ్డు వదలడం వేరు. అద్దాన్ని పడుకోబెట్టి నాలుగు చుక్కల నీళ్లు చల్లండి. పల్చగా పరుచుకుంటే శుభ్రంగా ఉన్నట్టు. తామరాకు మీద బొట్టులా నిలబడితే జిడ్డున్నట్టే. పది సెకన్ల పని, చేసేవాళ్లే లేరు.

గిన్నెల సబ్బుతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. సర్జికల్ స్పిరిట్ వద్దు. కొన్నింటిలో ఆముదం కలుపుతారు, కొత్త జిడ్డు రాసినట్టవుతుంది.

ఇంత చేసినా మళ్లీ లేస్తే, ఎక్కడ లేచిందో చూడండి. నడిమి అక్షరాలు గట్టిగానే ఉండి, చట్రం పక్కన ఉన్నవాటి వత్తులు, తలకట్లు ముడుచుకుంటుంటే అసలు దొంగ లప్పమే. అద్దం బిగించడానికి కొత్తగా పట్టించిన లప్పంలో ఉండేది సుద్దపొడి, అవిసె నూనె. అది ఆరేదాకా నూనె అద్దం మీదకు సన్నగా పాకుతూనే ఉంటుంది. ఈ రోజు తుడిచిన చోటే వారానికి మళ్లీ జిడ్డు. అందుకే నీళ్ల పరీక్షలో నెగ్గిన అద్దం కూడా తర్వాత మోసం చేస్తుంది. అనుమానముంటే లప్పం పక్కన టిష్యూ కాగితం ఆనించి రాత్రంతా ఉంచండి. పొద్దునకు నూనె మరక కనబడుతుంది.

అక్షరాలు తీసేసి, లప్పాన్ని రెండు మూడు వారాలు ఆరనివ్వండి, వానాకాలమైతే ఇంకా ఎక్కువ. గోరుతో నొక్కితే గుంట పడకూడదు. తర్వాత లప్పం మీద ఎనామిల్ వేసేటప్పుడు బ్రష్‌ను అద్దం మీదకు 2 మి.మీ. రానివ్వాలి. గీత నీటుగా రావాలని లప్పం అంచుదాకా టేపు వేసేస్తారు, తప్పంతా అక్కడే. ఆ 2 మి.మీ. పెయింటే నూనెకు గట్టు. అక్షరాలను చట్రానికి అంగుళం దూరంలో పెట్టండి. కటింగ్ షాపులో లావు ఫాంటు అడగండి, సన్న వత్తులకు పట్టు ఉండదు.

చట్రం పెయింట్ పొరలుగా ఊడుతోంది

టేకులోనే నూనె ఉంటుంది. ప్రైమర్‌కు ముందు థిన్నర్‌తో తుడిచి, ఆరగానే వేసేయండి. మర్నాటికి వాయిదా వేస్తే నూనె మళ్లీ పైకొస్తుంది. పాత పెయింట్‌ను పొడిగా గీకొద్దు. పెయింట్‌లో ఉండే విషపు లోహం సీసానికి 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) పరిమితి మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు వేసినదాంట్లో ఎంతుందో చెప్పలేం. నీళ్ల కాగితంతో (తడిపి వాడే గరుకు కాగితం) తడిపి రుద్దండి, మాస్కు తప్పనిసరి.

ఫొటో అద్దానికి అతుక్కుపోయింది

లాగకండి, పొర ఊడొస్తుంది. ముందు అద్దం మీద నుంచే స్కాన్ చేసుకోండి. కొత్త ప్రింటుకు చుట్టూ 2 మి.మీ. మౌంట్ బోర్డు పెట్టి అద్దానికి తగలకుండా చూడండి. గోడలో చెమ్మ ఉంటే ఆ గోడే వద్దు.

రంధ్రాల నుంచి పొడి రాలుతోంది

పుచ్చు పురుగు. చేవ ఉన్న టేకులో అరుదు. సిరంజితో పురుగుల మందు ఎక్కించి, మక్కుతో (చెక్క రంధ్రాలు పూడ్చే ముద్ద) మూసేయండి.

రెక్క ఒక పక్కకు వాలుతోంది

4 మి.మీ. అద్దం ఒక్కటే చదరపు మీటరుకు 10 కిలోలు తూగుతుంది, చెక్క బరువు అదనం. గోడ పూతలో దిగిన మేకు దీన్ని మోయదు. ఇటుకలోకి డ్రిల్ చేసి, రెండు చోట్ల 8 మి.మీ. ప్లగ్గులు, కనీసం 2 అంగుళాల స్క్రూలు బిగించండి. పాత మడతబందుల మీద మాత్రం వేలాడదీయకండి.