సహాయ సంస్థలో దౌత్యం – 3వ పాఠం: ఎవరు, ఎవరితో, ఎప్పుడు మాట్లాడాలి

గత పాఠంలో మీరొక పట్టిక తయారు చేశారు. ఒక సంక్షోభంలో నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, ఆ మనిషి ఎవరి మాట వింటాడు, ఎవరి మాట అసలు చెవిన పెట్టడు అని రాసిన కాగితం అది. దాన్ని పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి. పెద్ద అంతర్జాతీయ సహాయ సంస్థల్లో ఒకే విషయం మీద పదిమంది పదిచోట్ల మాట్లాడుతుంటారు. ఒకరి మాట ఇంకొకరి పనికి అడ్డం పడకుండా చూడటానికి ప్రత్యేకంగా ఒక ఉద్యోగం ఉంటుంది. కొన్నిచోట్ల అడ్వకసీ కోఆర్డినేటర్ అంటారు, కొన్నిచోట్ల హ్యుమానిటేరియన్ డిప్లొమసీ అడ్వైజర్ అంటారు. ఇవాళ్టి పాఠం ఆ పని గురించి.

జెనీవా, నైరోబీ పేర్లు వినగానే ఇది మనకు అందని వ్యవహారం అనుకోకండి. హైదరాబాద్‌లో బస్తీ పనులు చేసిన వాళ్లకు దీని మూలం తెలిసే ఉంటుంది. నీళ్లు రావడం లేదంటే మొదట జలమండలి ఆఫీసుకు వెళ్లి మేనేజర్‌ను కలుస్తారు. తర్వాత సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు వినతిపత్రం ఇస్తారు. ఎమ్మెల్యేతో ఫోన్ చేయిస్తారు. అప్పటికీ కదలిక లేకపోతే సోమాజిగూడ ప్రెస్‌క్లబ్, ఆ తర్వాత ఇందిరాపార్కు ధర్నాచౌక్. ధర్నా అయ్యాక మళ్లీ ఆ మేనేజర్ గదిలోకే వెళ్లాలి కదా. అందుకే బస్తీ పెద్ద ఒకాయన మైకు దగ్గర ఏ మాట అనాలో, ఏది అనకూడదో కుర్రాళ్లకు ముందే చెప్పి పంపుతాడు. కోఆర్డినేటర్ చేసేదీ అదే. కాకపోతే ఇక్కడ మాట తేడా వస్తే మందుల లారీ ఆగిపోతుంది, ఒక్కోసారి డ్రైవర్ తిరిగి రాడు.

చెవిలో చెప్పడం, చెప్పించడం, అందరి ముందూ అనడం

అధికారం ఉన్నవాళ్లతో నేరుగా, గుట్టుగా మాట్లాడటం ఒక దారి. వాళ్లు వినే మనుషులతో చెప్పించడం రెండోది. బహిరంగంగా మాట్లాడటం మూడోది.

మొదటి దారిని దాదాపు ఒక సిద్ధాంతంలా పాటించేది 1863లో జెనీవాలో పుట్టిన అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ. జైళ్లలో ఖైదీలను చూస్తుంది, చూసింది ఆ ప్రభుత్వానికే చెబుతుంది, పత్రికలకు చెప్పదు. ఆ గోప్యత వల్లే తలుపులు తెరుచుకుంటాయి. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు నియమావళి కూడా రెడ్‌క్రాస్ ప్రతినిధులను సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకుండా రక్షణ ఇచ్చింది. ఇంకే సహాయ సంస్థకూ అంత గట్టి రక్షణ లేదు. మీరు పనిచేసే సంస్థ రెడ్‌క్రాస్ కాకపోతే ఈ తేడా మర్చిపోకండి. మీ మెయిల్స్, మీ రిపోర్టులు ఏదో ఒక రోజు కోర్టు బల్ల మీదికి రావచ్చని అనుకునే రాయండి.

చెప్పించడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది 1985 నాటి ఎల్ సాల్వడార్. అంతర్యుద్ధం నడుస్తోంది. యూనిసెఫ్ అధిపతి జేమ్స్ గ్రాంట్ అధ్యక్షుడు దుఆర్తేతో మాట్లాడి, పిల్లలకు టీకాలు వేయడానికి కొన్ని రోజులు కాల్పులు ఆపమని అడిగాడు. గెరిల్లాల దగ్గరికి ఆ మాటను క్యాథలిక్ చర్చి పెద్దలు తీసుకెళ్లారు. ఆ ఏడాది మూడు రోజులు తుపాకులు ఆగాయి, రెండు లక్షలకు పైగా పిల్లలకు టీకాలు పడ్డాయి. యుద్ధం ముగిసేదాకా ఏటా అలాగే ఆపుతూ వచ్చారు. గ్రాంట్ అడిగిన తీరు చూడండి. యుద్ధం ఆపమనలేదు, ఎవరిది తప్పో చెప్పలేదు. ఒక పని, కొన్ని తేదీలు, అంతే.

మూడో దారికి పేరుపడ్డది 1971లో ఫ్రాన్స్‌లో మొదలైన డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్. నైజీరియాలో బయాఫ్రా ప్రాంతం విడిపోవడం మీద జరిగిన యుద్ధంలో పనిచేసిన డాక్టర్లు కొందరు, చూసి కూడా నోరు మూసుకోవడం తమవల్ల కాదని దాన్ని స్థాపించారు. 1985లో ఇథియోపియాలో కరువు సాయం పేరుతో జనాన్ని బలవంతంగా తరలిస్తున్నారని బయటపెట్టినందుకు ఆ సంస్థ ఫ్రెంచ్ విభాగాన్ని ప్రభుత్వం వెళ్లగొట్టింది. మాట్లాడటానికి అంత ఖరీదు కట్టాల్సి వచ్చింది.

ఏది సరైనదని విద్యార్థులు అడుగుతుంటారు. ఒకే దారిని పట్టుకుని ఉండిపోయే సంస్థ ఎక్కడో ఒకచోట తన మనుషులనో, తాను ఆదుకోవాల్సిన వాళ్లనో వదిలేస్తుందని నా అభిప్రాయం. రెడ్‌క్రాస్ కమిటీకి కూడా నోరు విప్పడానికి నాలుగు షరతులున్నాయి. ఉల్లంఘనలు తీవ్రమైనవై, పదేపదే జరుగుతూ ఉండాలి. తన ప్రతినిధులు కళ్లారా చూసి ఉండాలి, లేదా నమ్మకమైన ఆధారాలతో అందరికీ తెలిసి ఉండాలి. గుట్టుగా చెప్పి చూసినా ఫలితం లేకపోయి ఉండాలి. బయటపెట్టడం బాధితులకు మేలు చేసేదై ఉండాలి. 2007 జూన్‌లో మయన్మార్ ప్రభుత్వాన్ని ఆ కమిటీ బహిరంగంగా తప్పుపట్టింది. అంత మౌనంగా ఉండే సంస్థ మాట్లాడింది కాబట్టే ప్రపంచం తలతిప్పి చూసింది. మీ సంస్థ ఏదైనా సరే, ఈ నాలుగు షరతులనూ ప్రశ్నలుగా మార్చి గోడకు అంటించుకోండి. టెన్షన్‌లో ఉన్నప్పుడు మనం మొదట మర్చిపోయేది నాలుగోదాన్నే.

ఇంట్లోనే పది ఒత్తిళ్లు

బయటి ప్రభుత్వాలతో మాట్లాడటం కష్టమే. కొత్తగా చేరినవాళ్లు ఊహించని కష్టం మాత్రం సొంత సంస్థలో ఉంటుంది. పెద్ద సంస్థ అంటే ఒక ఆఫీసు కాదు. సంక్షోభం ఉన్న దేశంలో కంట్రీ ఆఫీసు, దాని కింద ఫీల్డ్ ఆఫీసులు, ఏ నైరోబీలోనో అమ్మాన్‌లోనో ప్రాంతీయ కార్యాలయం, పైన హెడ్ ఆఫీసు. భద్రతా మండలి పనికోసం న్యూయార్క్‌లో ఒకరు, మానవ హక్కుల మండలి కోసం జెనీవాలో ఒకరు, ఐరోపా యూనియన్ కోసం బ్రస్సెల్స్‌లో ఒకరు. ఇవి కాక ధనిక దేశాల్లో చందాలు సేకరించే ఆఫీసులు.

వీళ్లలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఒక్కొక్కరి తొందర ఒక్కో రకం. చందాల వాళ్లకు వార్త చల్లారకముందే ఒక ఫొటో, ఒక గట్టి మాట కావాలి. న్యూయార్క్ ప్రతినిధికి ఓటింగ్ రోజుకు లెక్కలు కావాలి. సిరియా విషయంలో ఇది ఏళ్ల తరబడి నడిచింది. 2014 జులైలో భద్రతా మండలి 2165 తీర్మానంతో, సిరియా ప్రభుత్వ అనుమతి లేకుండానే నాలుగు సరిహద్దు దారుల గుండా సాయం పంపే వీలు ఇచ్చింది. గడువు ముగిసిన ప్రతిసారీ ఓటింగ్, ప్రతిసారీ బేరం. 2020 నాటికి నాలుగు దారులు ఒక్కటయ్యాయి, 2023 జులైలో ఆ ఒక్క అనుమతి కూడా ముగిసింది. ప్రతి ఓటింగ్‌కు ముందు వార్డులో ఎంతమంది రోగులున్నారు, ఎన్ని రోజుల మందులున్నాయి అని ఫీల్డ్‌లో వాళ్లను అడిగి, ఆ జవాబును దౌత్యవేత్తకు పనికొచ్చే ఒక పేజీగా మార్చేది కోఆర్డినేటర్లే.

ఇక కంట్రీ డైరెక్టర్‌కు ఉండే భయం వీసా రద్దవుతుందని. 2009 మార్చి 4న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు సూడాన్ అధ్యక్షుడు బషీర్‌పై అరెస్టు వారంటు ఇచ్చింది. కోర్టుకు సమాచారం అందించారని ఆరోపిస్తూ సూడాన్ ప్రభుత్వం 13 అంతర్జాతీయ సంస్థలను వెళ్లగొట్టింది. ఆ సంస్థలు ఆరోపణను ఖండించాయి. అయినా ఆ దేశపు పశ్చిమాన, యుద్ధంలో ఇళ్లు వదిలిన జనం ఉండే డార్ఫూర్ శిబిరాల్లో నీళ్లు, వైద్యం చూసుకునే చేతులు ఒక్కసారిగా పోయాయి. కాబట్టి కంట్రీ డైరెక్టర్ వెనకాడితే పిరికితనం అని కొట్టిపారేయకండి.

అందరికంటే తక్కువ వినిపించే గొంతు స్థానిక ఉద్యోగులది. విదేశీ ఉద్యోగిని పంపించేస్తే విమానం ఎక్కి వెళ్లిపోతాడు. స్థానిక నర్సు, డ్రైవర్, గోడౌన్ కీపర్ ఆ ఊళ్లోనే ఉంటారు, వాళ్ల పిల్లలు ఆ బడికే వెళ్తారు. అందుకే నేను ఒక నియమం గట్టిగా చెబుతాను: ప్రకటన బయటికి వెళ్లే ముందు, రేపు పొద్దున ఆ చెక్‌పోస్టు దగ్గర నిలబడాల్సిన మనిషికి దాన్ని చదివి వినిపించాలి. ఆ మనిషి భాషలోనే వినిపించాలి. వద్దంటే ఆపాలి. ఎందుకు వద్దంటున్నారో రాసుకోవాలి, ఏ మాట మారిస్తే పంపొచ్చో అడగాలి. చాలాసార్లు ఒక్క పదం తీసేస్తే సరిపోతుంది.

ఒక పేజీ కాగితం

కోఆర్డినేటర్‌కు వీళ్లలో ఎవరి మీదా అధికారం ఉండదు. ఉండేది ఒక కాగితమే. ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక దేశంలో సాయుధ వర్గం చేతిలో ఉన్న వంతెన దగ్గర మీ మందుల లారీలు మూడు వారాలుగా ఆగిపోయాయి. హెడ్ ఆఫీసు ఖండన ప్రకటన రాసేసింది. మీ చేతికి ఒక రోజు దొరికింది.

మొదట తెలిసింది రాయండి, దాన్ని రెండుగా విడగొట్టి. మన మనుషులు కళ్లతో చూసింది ఒక పక్క, ఇతరులు చెప్పింది ఇంకో పక్క. లారీలు ఆగడం మనం చూశాం. మందులు అమ్ముకుంటున్నారన్నది విన్నాం. రెండోది ఆ కాగితం దాటి బయటికి పోకూడదు.

తర్వాత అడిగేది రాయండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. "మానవతా సహాయానికి ఆటంకం లేకుండా చూడాలని అన్ని పక్షాలనూ కోరుతున్నాం" అని రాస్తారు. చదివిన కమాండర్‌కు రేపు ఏం చేయాలో అందులో ఏమీ లేదు. ఇలా రాసి చూడండి: "వారంలో రెండు రోజులు, ఉదయం 6 నుంచి 10 వరకు, వంతెన దగ్గర మందుల లారీలను సీలు విప్పకుండా పోనివ్వండి. లారీ నంబర్లు, డ్రైవర్ల పేర్లు ముందు రోజే ఇస్తాం." దీనికి అవుననో కాదనో చెప్పక తప్పదు. కాదంటే ఎందుకు కాదో తెలుస్తుంది. లారీల్లో ఆయుధాలు వస్తాయన్న అనుమానమైతే, వాళ్ల మనిషి ముందే లోడింగ్ చూసే ఏర్పాటు అడగవచ్చు. చెక్‌పోస్టు వాళ్లు డబ్బు ఆశిస్తున్నారని తేలితే పై కమాండర్ దగ్గరికి పోవాలి. రెండూ వేర్వేరు బేరాలు.

దాని కింద ఎవరు ఎవరితో మాట్లాడతారో పేర్లతో సహా ఉండాలి. వంతెన కమాండర్‌తో ఫీల్డ్ మేనేజర్, అతని మాట వినే గ్రామపెద్దతో డాక్టర్, ఆ వర్గానికి ఆశ్రయమిచ్చే పొరుగు దేశపు రాయబారితో కంట్రీ డైరెక్టర్, భద్రతా మండలి సభ్యులతో న్యూయార్క్ ప్రతినిధి. ప్రెస్‌తో మాట్లాడేది ఒక్కరే. మిగతావాళ్లు ఫోన్ ఎత్తినా ఆ ఒక్కరి నంబర్ ఇవ్వాలి, అంతకు మించి ఏమీ చెప్పకూడదు.

చివరగా గడువు. దీన్ని ఎవరూ ఇష్టపడరు, మీరు మాత్రం పట్టుబట్టండి. కమాండర్‌కు ఐదు రోజులు. కదలకపోతే రాయబారి. ఆయనకు ఒక వారం. అప్పటికీ లారీలు అక్కడే ఉంటే గోడ మీది నాలుగు ప్రశ్నలు వేసుకుని, బహిరంగ ప్రకటన మీద అందరూ కూర్చుని నిర్ణయం తీసుకోవాలి. తేదీ లేకుండా గుట్టుగా మాట్లాడుతూ పోతే నెలలు గడిచిపోతాయి, వార్డులో మందులు అయిపోతాయి, మేం మాట్లాడుతూనే ఉన్నాం అని మనల్ని మనం సమాధానపరచుకుంటాం. హెడ్ ఆఫీసు రాసిన ఖండనను చించేయకండి, ఆ తేదీ కోసం దాచి ఉంచండి. వాళ్లకు ఈ కాగితం చూపిస్తే సాధారణంగా ఆగుతారు. ఆగమని మాత్రమే చెబితే ఆగరు.

ఎదుటి కుర్చీలో ప్రభుత్వం

సహాయ సంస్థల్లో పనిచేసేవాళ్లు ప్రభుత్వాలను అడ్డంకులుగా చూడటం అలవాటు చేసుకుంటారు. 1991 డిసెంబర్ 19 నాటి ఐక్యరాజ్యసమితి 46/182 తీర్మానం చదివితే ఆ అలవాటు కొంత తగ్గుతుంది. ఇవాళ్టి అత్యవసర సహాయ సమన్వయ వ్యవస్థ అంతా దాని మీదే నిలబడింది. సహాయం బాధిత దేశం సమ్మతితో జరగాలని, ఆ దేశపు సార్వభౌమత్వాన్ని గౌరవించాలని అందులో ఉంది.

మన దేశాన్నే తీసుకోండి. ఐరాస ఆంక్షలు మానవతా సహాయానికి అడ్డం కాకూడదంటూ 2022 డిసెంబర్ 9న భద్రతా మండలిలో 2664 తీర్మానం వచ్చింది. పద్నాలుగు దేశాలు అనుకూలంగా ఓటేశాయి. ఓటింగ్‌కు దూరంగా ఉన్నది భారత్ ఒక్కటే. ఈ మినహాయింపులను మన పొరుగున ఉగ్రవాద ముఠాలు సహాయ సంస్థల ముసుగులో వాడుకుంటున్నాయన్నది ఢిల్లీ వాదన. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, రేపు భారత దౌత్యవేత్త ముందు కూర్చున్నప్పుడు ఆ అనుమానానికి జవాబు మీ ఫైల్లో ఉండాలి. డబ్బు ఎవరికి చేరిందో ఎలా తనిఖీ చేస్తారో చెప్పగలగాలి. మానవత్వం గురించి ఉపన్యాసం అక్కడ పనికిరాదు.

అభ్యాసం

ఈసారి అభ్యాసం మన ఊరిదే. బాలాపూర్ ప్రాంతంలో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఏళ్లుగా ఉంటున్నాయి. భారత్ 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు, మనకు ప్రత్యేక శరణార్థుల చట్టమూ లేదు. కాబట్టి శరణార్థి హక్కు అన్న మాటతో మొదలుపెట్టే ఏ వినతిపత్రమైనా మొదటి టేబుల్ దగ్గరే ఆగిపోవచ్చు.

మీరొక అంతర్జాతీయ సంస్థ తరఫున ఉన్నారనుకుని, పిల్లల చదువు, తాగునీరు, వైద్యం – వీటిలో ఒక్కటి ఎంచుకుని ఒక పేజీ కాగితం రాయండి. ఎవరి చేతిలో ఏముందో ముందు విడదీయండి. విదేశీయులు దేశంలో ఉండటం, పంపడం కేంద్రం విషయం. బడి, ఆసుపత్రి ఎక్కువగా రాష్ట్రం చేతిలో ఉన్నవి. కేంద్రం తేల్చాల్సిన దాన్ని మండల విద్యాధికారిని అడిగితే ఆయన భయపడి, తాను చేయగలిగింది కూడా చేయడు.

దీనికోసం మీరు అక్కడికి వెళ్లొద్దు. ఫొటోలు, పేర్లు, ఇంటి గుర్తులు ఏవీ సేకరించొద్దు. మీ అభ్యాసం వల్ల ఒక కుటుంబం ఎవరి కంట్లోనైనా పడితే ఆ నష్టాన్ని మీరు సరిదిద్దలేరు. బహిరంగంగా తెలిసిన సమాచారంతోనే రాయండి.

అడిగే వాక్యం ఒక్కటే ఉండాలి, ముప్పై పదాలు దాటకూడదు. రాశాక ఒక స్నేహితుడిని ఆ అధికారిగా కూర్చోబెట్టి చదివి వినిపించండి. "చూద్దాంలెండి" అని తప్పించుకోవడానికి ఆయనకు చోటు దొరికిందంటే తిరిగి రాయండి. కాగితం కింద గడువులు వేసి ఉంచండి. వచ్చే పాఠంలో వాటితోనే గదిలోకి వెళ్తాం: ఎదురుగా కూర్చున్న మనిషి మన డిమాండుకు బదులు ఇంకేదో ఇస్తానంటే ఏం చేయాలో, సమావేశం అయ్యాక నోట్‌లో ఏం రాయాలో, ఏం రాయకూడదో అక్కడ చూద్దాం.