చాంగ్‌థాంగ్ వెళ్తున్నారా? రెండో రాత్రి ఎక్కడ పడుకుంటారో ముందు చెప్పండి

పోయిన వారం మా పెదనాన్న కొడుకు ఇంటి గ్రూపులో ఒక ప్లాన్ పెట్టాడు. జూన్‌లో లద్దాఖ్, అయిదు రోజులు, పదకొండు మంది. వాళ్ళలో ఇద్దరు అరవై దాటినవాళ్ళు, ఒక మూడేళ్ళ పాప. మొదటి రోజు విమానంలో లేహ్. రెండో రోజు పొద్దున్నే చాంగ్‌థాంగ్‌లోని పాంగాంగ్ సరస్సు, రాత్రి అక్కడే టెంట్లలో. మూడో రోజు హాన్లే. అడ్వాన్స్ కూడా కట్టేశారట. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రెండో రోజు రాత్రి ఎలా ఉంటుందో నేను కళ్ళారా చూశాను.

2024 ఆగస్టులో బైక్ మీద లద్దాఖ్ వెళ్ళిన ఒక యువకుడు లేహ్ ఆసుపత్రిలో చనిపోయిన వార్త చాలామంది చదివే ఉంటారు. తలనొప్పిగా ఉందని ఇంటికి ఫోన్ చేశాడు. ఆ తర్వాత ఊపిరి ఆడలేదు. వయసులో ఉన్నవాడు. ఇలాంటి వార్త వచ్చినప్పుడు రెండు రోజులు అయ్యో అనుకుంటాం, మళ్ళీ సీజన్ రాగానే అవే ప్లాన్లు వేస్తాం.

స్వెటర్లు, గ్లవ్స్, సన్‌స్క్రీన్, లిప్ బామ్ గురించి నేను చెప్పను. అవి అందరూ చెప్తారు. నేను చెప్పేది ముఖ్యంగా ఒక్క తప్పు గురించి.

తలనొప్పిగా ఉన్నా, మాత్ర వేసుకుని ఇంకా పైకి వెళ్ళడం. అదే ఆ తప్పు.

చాంగ్‌థాంగ్ అంటే టిబెట్ పీఠభూమి లద్దాఖ్‌లోకి చొచ్చుకొచ్చిన పడమటి కొస. పాంగాంగ్, సో మోరిరి, హాన్లే, వాటి చుట్టూ స్పాంగ్మిక్, మాన్, మేరక్, కోర్జోక్ లాంటి ఊళ్ళు, పష్మీనా మేకలు కాచుకునే చాంగ్‌పాల గుడారాలు అన్నీ ఇక్కడివే. ఈ నేలలో ఒక మోసం ఉంది. చదునుగా ఉంటుంది. కొండ ఎక్కుతుంటే కాళ్ళు చెప్తాయి, ఎత్తుకి వచ్చామని. ఇక్కడ కారు దిగితే ఎదురుగా మైదానం, సరస్సు, గడ్డి, మేకలు కనిపిస్తాయి. ఎత్తులో ఉన్నామనే అనిపించదు. కానీ లేహ్ 3,500 మీటర్లయితే పాంగాంగ్ 4,250 మీటర్ల దాకా ఉంటుంది, సో మోరిరి 4,500 దాటుతుంది. గాలిలో ఆక్సిజన్ శాతం ఎక్కడైనా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. దాంతో లేహ్‌లో ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్ సముద్ర మట్టంలో అందేదాంట్లో మూడింట రెండు వంతులే ఉంటుంది. పాంగాంగ్ దారిలో 5,360 మీటర్ల చాంగ్ లా కనుమ మీద సగానికి కాస్త అటూ ఇటూ.

శరీరం దీనికి అలవాటు పడగలదు, కానీ రోజులు కావాలి. మైదానంలో పొద్దున విమానం ఎక్కి గంటన్నరలో 3,200 మీటర్ల పైన దిగితే, శరీరానికి సంగతి తెలిసేసరికే సాయంత్రమవుతుంది. ఆల్టిట్యూడ్ సిక్‌నెస్, అంటే ఎత్తు పడక వచ్చే జబ్బు, దిగీ దిగగానే రాదు. ఆరు గంటల తర్వాతో, పన్నెండు గంటల తర్వాతో మొదలవుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరే రకమైతే ఎక్కువగా రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రి లోపు వస్తుంది. అందుకే మొదటి రోజు సాయంత్రం లేహ్ బజారులో "నాకేం కాలేదే, హాయిగా ఉన్నాను" అనేవాళ్ళ మాట నేను లెక్కలోకి తీసుకోను. ఇంకా సమయం రాలేదు, అంతే.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి చెప్తాను. స్పాంగ్మిక్‌లో మా పక్క టెంట్‌లో ఒక కుటుంబం దిగింది. లేహ్ వచ్చిన మర్నాడే బయల్దేరారు. ఆ పెద్దాయనకి చాంగ్ లా రాకముందే తల పగిలిపోతోందట. మాత్ర వేసుకున్నారు, తగ్గింది. తగ్గింది కదా అని ముందుకే వచ్చారు. సాయంత్రం సరస్సు ఒడ్డున మనవడితో ఫొటోలు దిగారు. రాత్రి పదింటికి దగ్గు మొదలైంది. పన్నెండింటికి పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చున్నారు. వాళ్ళ డ్రైవర్, లద్దాఖీ కుర్రాడు, వచ్చి "ఇప్పుడే దిగిపోదాం సార్" అన్నాడు. కొడుకు "ఈ చీకట్లో ఘాట్ రోడ్డు ఎందుకు, తెల్లారాక వెళ్దాం" అన్నాడు. నన్ను అడిగారు. నేనూ అలాగే అన్నాను. రెండున్నరకి ఆయన పెదాలు నీలంగా మారాక బండి తీశారు. టాంగ్‌ట్సే ఆసుపత్రి చేరేలోపే ఆయనకి స్పృహ పోయింది. మళ్ళీ రాలేదు. ఆ రెండున్నర గంటలు నన్ను ఇప్పటికీ వదలవు.

ఆయన తలనొప్పి చాంగ్ లాకి ముందే చెప్పింది. మాత్ర ఆ నోరు మూసింది. పారాసిటమాల్ తలనొప్పిని తగ్గిస్తుంది, ఎత్తుకి శరీరాన్ని అలవాటు చేయదు. లేహ్‌లోనే ఆగి విశ్రాంతి తీసుకుంటూ మాత్ర వేసుకుంటే తప్పు లేదు. పైకి వెళ్ళడం కోసం వేసుకుంటే అది మందు కాదు, మనల్ని మనం మోసం చేసుకోవడం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పాంగాంగ్ నుంచి లేహ్‌కి దిగాలంటే ముందు ఎక్కాలి. మామూలు దారి మళ్ళీ అదే చాంగ్ లా మీదుగా వెళ్తుంది. అంటే ఊపిరి ఆడని మనిషిని ఇంకో వెయ్యి మీటర్లు పైకి తీసుకెళ్ళి, ఆ తర్వాత దించాలి. మనాలీ నుంచి లేహ్‌కి వచ్చే రోడ్డు మీద సర్చూ కూడా ఇలాంటి గొయ్యే. 4,290 మీటర్ల దగ్గర టెంట్లు వేస్తారు. వెనక్కి వెళ్దామంటే దాదాపు 4,900 మీటర్ల బారాలాచా లా, ముందుకు వెళ్దామంటే 5,000 దాటిన లాచులుంగ్ లా. మనాలీ 2,050 మీటర్లు. అక్కడ పొద్దున టిఫిన్ తిని రాత్రికి సర్చూలో పడుకునే ప్లాన్ ఎవరు ఇచ్చినా తీసుకోకండి. సర్చూ కంటే కిందున్న జిస్పాలోనో కేలాంగ్‌లోనో రాత్రి ఆగి, మర్నాడు సర్చూ పగటిపూట దాటిపోండి. ఆ రోజు రాత్రికి లేహ్ చేరడం కష్టమే, కానీ సర్చూలో పడుకోవడం కంటే నయం. అయితే తలనొప్పి జిస్పాలోనే ఉంటే ఆ రోజు కదలొద్దు.

ప్లాన్ వేసేటప్పుడు

చూడాల్సింది పగలు ఏం చూస్తామన్నది కాదు, రాత్రి ఏ ఎత్తులో పడుకుంటామన్నది. మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్ల కంటే పెంచకూడదని ఎత్తు జబ్బులు చూసే వైద్యులు చెప్పే లెక్క. మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు పూర్తిగా ఆగాలి. విమానంలో లేహ్ వెళ్తే ఆ లెక్క మొదటి రోజే తప్పుతుంది కాబట్టి, అక్కడ ఆగడమే దానికి పరిహారం. లద్దాఖ్ పాలనా యంత్రాంగం కనీసం 48 గంటలు ఆగమంటుంది. నా లెక్కలో మూడు రాత్రులు. పిల్లలూ పెద్దవాళ్ళూ ఉంటే నాలుగు.

ఆ తర్వాత నుబ్రా లోయ. దిస్కిట్, హుండర్ లేహ్ కంటే తక్కువ ఎత్తులో ఉంటాయి. దారిలో ఖార్దుంగ్ లా అనే కనుమ దాటాలి గానీ, రాత్రికి కిందే పడుకుంటాం. ఖార్దుంగ్ లా దగ్గర పావుగంట మించి ఆగకండి. ఫొటో కోసం క్యూ ఉంటే ఫొటో వదిలేయండి. నుబ్రా నుంచి శ్యోక్ నది పక్కగా దుర్బుక్ మీదుగా పాంగాంగ్ వెళ్ళే దారి ఉంది. అందులో పెద్ద కనుమ లేదు. పాంగాంగ్‌లో ఎవరికైనా బాగోలేకపోతే దిగడానికి కూడా ఆ దారి పనికొస్తుంది, రోడ్డు తెరిచి ఉందో లేదో ముందే కనుక్కుంటే. వీలైతే ఒక రాత్రి టాంగ్‌ట్సేలో పడుకుని, పాంగాంగ్ పగలు చూసి రండి. టెంట్‌లో నక్షత్రాలు చూడాలన్న కోరిక నాకూ అర్థమవుతుంది. హాన్లేలో ఆకాశం నిజంగా అలాంటిదే, అక్కడ అబ్జర్వేటరీ పెట్టింది ఊరికే కాదు. కానీ హాన్లే ప్లాన్‌లో చివర ఉండాలి, అదీ శరీరం బాగుంటేనే. అక్కడి నుంచి న్యోమా, చుమాథాంగ్ మీదుగా సింధు నది పక్కనే దిగొచ్చు, మధ్యలో పెద్ద కనుమ లేదు. కానీ లేహ్ 250 కిలోమీటర్లు.

సెలవులు అయిదు రోజులే ఉంటే లేహ్, చుట్టుపక్కల ఊళ్ళు, గోంపాలు (బౌద్ధ మఠాలు) చూసి వచ్చేయండి. పాంగాంగ్ వద్దు.

మందులు, యంత్రాలు

డయామాక్స్ అనే మాత్ర ఉంది. ఇది తలనొప్పిని దాచేది కాదు, శ్వాసని పెంచి శరీరం అలవాటు పడడానికి సాయం చేస్తుంది. డాక్టర్‌ని అడిగి, ప్రయాణానికి ముందు రోజు నుంచి వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. అది వేసుకున్నాం కదా అని రెండో రోజే పాంగాంగ్ వెళ్ళొచ్చని కాదు.

స్ప్రే సీసాలా ఉండే ఆక్సిజన్ డబ్బాలు లేహ్‌లో ప్రతి వీధిలో అమ్ముతారు. వరుసగా పీలిస్తే కొన్ని నిమిషాల్లో అయిపోతాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన మనిషికి అది చాలదు. దాన్ని చూసుకునే ధైర్యంగా పైకి వెళ్తారు, అదే నా బాధ. బండిలో అసలైన సిలిండర్, మాస్క్, అందులో గ్యాస్ ఉన్నాయో లేదో బయల్దేరే ముందు తెరిచి చూడండి. అది కూడా దిగేదాకా ప్రాణం నిలబెట్టడానికే, దిగకుండా ఉండడానికి కాదు.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే, వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో లేహ్‌లో 85, 88 కనిపిస్తే టెన్షన్ పడకండి, అక్కడ మామూలే. 90 ఉంది కదా అని తలనొప్పిని పట్టించుకోకపోవడం దానికంటే పెద్ద తప్పు. మనిషిని చూడండి, అంకెని కాదు.

ఇక మిగిలినవి గుర్తొచ్చిన వరుసలో చెప్తున్నాను:

తలనొప్పితో పాటు వాంతి, ఆకలి లేకపోవడం, తల తిరగడం, నీరసం ఉంటే వేరే కారణం వెతకొద్దు. నిన్నటి భోజనం పడలేదని సర్దిచెప్పుకోవద్దు. ఆ ఎత్తులో అది ఎత్తు వల్లే అనుకోండి.

కూర్చుని ఉన్నా ఆయాసం, ఆగని దగ్గు, నురగ, నీలం పెదాలు: అప్పుడే దిగాలి. అర్ధరాత్రయినా సరే.

అనుమానంగా ఉంటే నేల మీద ఒక గీత గీసి, మడమకి బొటనవేలు ఆనిస్తూ నడవమనండి. తూలితే, మాటలు తడబడితే, మెదడులో వాపు మొదలైనట్టే. దిగాలి. ఆ మనిషి "నేను బాగానే ఉన్నాను" అంటే నమ్మొద్దు.

దిగడం అంటే కనీసం వెయ్యి మీటర్లు, లేదా మనిషి తేరుకునే దాకా.

జిమ్‌కి వెళ్ళేవాళ్ళకి, మారథాన్ పరిగెత్తేవాళ్ళకి మినహాయింపు లేదు. వాళ్ళే తొందరగా ఎక్కి తొందరగా పడిపోతారు.

మూడేళ్ళ పాపకి తలనొప్పి అని చెప్పడం రాదు. ఊరికే ఏడుస్తుంటే, తినకపోతే, ఆడకపోతే ఆ రోజు పైకి వెళ్ళొద్దు.

గతంలో ఒకసారి ఇలా జరిగినవాళ్ళకి మళ్ళీ రావచ్చు. దాచొద్దు, గ్రూపులో అందరికీ చెప్పండి.

మొదటి మూడు రోజులు మద్యం వద్దు. ఊళ్ళో ఆప్యాయంగా ఛాంగ్ (బార్లీ కల్లు) ఇచ్చినా వద్దనండి, బట్టర్ టీ అడగండి.

నిద్రమాత్రలు వద్దు. నిద్రలో శ్వాస ఇంకా తగ్గుతుంది.

బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ ఒక్కటైనా ఉండాలి. చాంగ్‌థాంగ్‌లో అదీ చాలాచోట్ల దొరకదు.

పాంగాంగ్ వెళ్ళే ముందు, దారిలో కారూ అనే ఊళ్ళో ట్యాంక్ నింపండి. అర్ధరాత్రి దిగాల్సివస్తే పెట్రోల్ కోసం వెతకలేరు.

రోడ్డుకి అడ్డంగా పారే వాగుల్ని పొద్దున్నే దాటండి. ఎండకి మంచు కరిగి మధ్యాహ్నానికి నీళ్ళు పెరుగుతాయి. పాంగాంగ్ దారిలో ఒక వాగుకి పాగల్ నాలా (పిచ్చి వాగు) అని పేరు అందుకే పెట్టారు.

ఎండిన వాగులో టెంట్ వేయొద్దు. 2010 ఆగస్టులో లేహ్‌లో ఒక్క రాత్రి కురిసిన వానకి వందల మంది పోయారు.

హోమ్‌స్టేలో బుఖారీ (గది వెచ్చబెట్టే పొయ్యి) గానీ బొగ్గుల కుంపటి గానీ వెలుగుతుంటే తలుపులు బిగించి పడుకోవద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాసన రాకుండానే చంపుతుంది.

సరస్సు గడ్డకట్టి ఉంటే దాని మీద నడవొద్దు. ఎవరు నడుస్తున్నా సరే.

కియాంగ్‌ల (అడవి గాడిదల) వెంట బండి తోలొద్దు. బొరియల్లో ఉండే మార్మట్‌లకి బిస్కెట్లు పెట్టొద్దు. కుక్కల గుంపు కనిపిస్తే పిల్లల్ని దించొద్దు.

ఊళ్ళో మరుగుదొడ్లు మట్టి వేసేవి. నీళ్ళు పోయొద్దు, ప్లాస్టిక్ వేయొద్దు. అదే వాళ్ళ పొలానికి ఎరువు.

తిరుగు విమానానికి ముందు ఒక రోజు ఖాళీ ఉంచండి. వాతావరణం బాగోక విమానాలు ఆగుతుంటాయి. ఆ ఖాళీ రోజు లేకపోతే, ఒంట్లో బాగోలేదని చెప్పడానికి కూడా మనవాళ్ళు మొహమాటపడతారు.

అడ్వాన్స్ పోతే పోనివ్వండి.

తలనొప్పిగా ఉంటే ఆ రోజు పైకి వెళ్ళొద్దు. ఒక్కరికి ఉన్నా ఎవరూ వెళ్ళొద్దు. వాళ్ళని హోటల్ గదిలో ఒంటరిగా వదిలి మిగతావాళ్ళు వెళ్ళడం అంతకంటే తప్పు.

డ్రైవర్ "దిగుదాం" అంటే ఎందుకని అడగొద్దు. బండి ఎక్కండి.

రాత్రి పడుకునే ముందు డ్రైవర్ ఏ గదిలో పడుకున్నాడో, బండి తాళం ఎవరి దగ్గరుందో, సిలిండర్ ఎక్కడుందో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి.