లోహాల వేషాలు – 4వ పాఠం: చెరువులో వేసిన మైలుతుత్తం ఏమైపోతుంది?

పోయిన పాఠంలో పీహెచ్‌ని బట్టి బైకార్బొనేట్, కార్బొనేట్ వాటాలు ఎలా మారతాయో చూశాం. ఆ లెక్క రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి, ఈరోజు పని దాంతోనే. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్, నాచును చంపడానికి చెరువుల్లో వేసే రాగి లవణం.

ముందు రెండు పాత గాజు గ్లాసులు తీసుకోండి. మైలుతుత్తం విషం, మళ్లీ వాటితో నీళ్లు తాగకూడదు. ఒకదాంట్లో బ్యాటరీ వాటర్ (యాసిడ్ కాదు, లవణాలు తీసేసిన నీళ్లు), రెండోదాంట్లో బోరు నీళ్లు పోసి, రెండింట్లోనూ చిటికెడు మైలుతుత్తం కలపండి. మొదటిది తేట నీలం. రెండోది, ఆల్కలినిటీ (నీళ్లలోని బైకార్బొనేట్, కార్బొనేట్‌ల కొలత) బాగా ఉన్న నీళ్లయితే, లేత నీలం పాలలా మసకబారి కాసేపటికి అడుగున మడ్డి కడుతుంది. రాగిని కార్బొనేట్ పట్టేసుకుంది. చెరువులో వేసే మోతాదు చాలా తక్కువ కాబట్టి అక్కడ మడ్డి కనిపించకపోవచ్చు. అయినా రాగి ఒంటరిగా ఉండదు, కార్బొనేట్‌తో జతకట్టి కరిగే ఉంటుంది.

చేప మొప్పలకు ముప్పు ముఖ్యంగా జతలేని విడి రాగి అయానుతోనే. ల్యాబ్ రిపోర్టులో రాసే 'మొత్తం రాగి' ఈ సంగతి చెప్పదు. మనమే లెక్క తీయాలి.

ఆల్కలినిటీ లీటరుకు 100 మి.గ్రా. (కాల్షియం కార్బొనేట్ లెక్కలో), పీహెచ్ 8 అనుకుందాం. ఆ లెక్కలో 50 మి.గ్రా. ఒక మిల్లీమోల్ బైకార్బొనేట్‌కు సమానం కాబట్టి, 100ని 50తో భాగిస్తే లీటరుకు 2 మిల్లీమోల్ బైకార్బొనేట్. (నేను మొదట్లో ఈ 50 మర్చిపోయి, ఒక పూటంతా తప్పు జవాబుతో కుస్తీ పట్టాను.) పీహెచ్‌లోంచి 10.33 (బైకార్బొనేట్, కార్బొనేట్ సమానంగా ఉండే పీహెచ్) తీసేస్తే మైనస్ 2.33. పదిని ఆ ఘాతానికి పెంచితే 0.0047. దీన్ని 2తో గుణిస్తే కార్బొనేట్ 0.0094 మిల్లీమోల్, అంటే 0.0000094 మోల్. రాగి, కార్బొనేట్ ఎంత గట్టిగా జతకడతాయో చెప్పే అంకె, అంటే జత స్థిరాంకం, సుమారు 59 లక్షలు. రెంటినీ గుణించండి: 55. ఒక్క విడి రాగి అయానుకు 55 జతకట్టినవి!

అదే ఆల్కలినిటీతో పీహెచ్ 6 అయితే జవాబు 0.55. విడి రాగిదే పైచేయి.

ఆల్కలినిటీని 100తో భాగిస్తే వచ్చేదే లీటరుకు వేయాల్సిన మైలుతుత్తం మిల్లీగ్రాములు అనే పాత లెక్క చేపల చెరువుల వాళ్లకు తెలుసు. ఆల్కలినిటీ 50 కూడా లేని చెరువులో అసలు వేయొద్దంటారు. ఆ మాట వెనకున్నది ఈ గుణకారమే. ఇంకో తిరకాసుంది. నాచు పగలంతా కార్బన్ డయాక్సైడ్ లాగేస్తుంది కాబట్టి తెల్లవారుజామున 7.5 ఉన్న పీహెచ్ మధ్యాహ్నానికి 8.5 కావచ్చు. అదే చెరువు, అదే రాగి, జతల నిష్పత్తి మాత్రం పది రెట్లు తేడా.

హైడ్రాక్సైడ్ రూపాలు కూడా కొన్ని ఉంటాయి, ఈ పూటకు వదిలేద్దాం. ఆకులు కుళ్లి టీ రంగుకొచ్చిన నీళ్లలో మాత్రం ఈ లెక్క నిలబడదు, అక్కడ రాగిని లాక్కునేది వేరే. వచ్చే పాఠం దాని గురించే.

ఈలోగా ఆల్కలినిటీ 150, పీహెచ్ 7.5కి లెక్క వేసి ఉంచండి. 26 దగ్గర రాకపోతే 50తో భాగించారో లేదో చూసుకోండి.